తప్పుల్లేని ఉత్తరం

సింధుజ మంచి టీచరు. ఈ మాట ముందే చెప్పేయడం మేలు, ఎందుకంటే తర్వాత జరిగిన పాడుపని చేసింది ఆ మంచి టీచరే. జగిత్యాలలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్ళు చరిత్ర, ఇంగ్లీషు రెండూ చెప్పింది. రాసినదాంట్లో తప్పు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. ఆడపడుచు పెళ్ళి శుభలేఖలు అచ్చయి వచ్చాక కూడా ఒకదాని మీద ఎర్రపెన్నుతో రెండు గీతలు గీసి, అత్తగారి చేత నానా మాటలూ పడిన మనిషి.

అలాంటి మనిషి ఇప్పుడు లండన్‌కు దక్షిణాన న్యూ మాల్డెన్‌లో కేరర్. పొద్దున ఆరున్నరకు బస్సెక్కి, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఫ్లాట్లకు వెళ్ళాలి. ఒక్కొక్కరికి అరగంట. ఆ అరగంటలో స్నానం చేయించి, బట్టలు తొడిగి, తిండి పెట్టి, మాత్రలు మింగించి, మళ్ళీ పరుగెత్తి ఇంకో బస్సు పట్టుకోవాలి. మొదటి నెలంతా ఏడ్చింది. రెండో నెల నుంచి ఏడవడానికి కంపెనీ ఇచ్చే డ్యూటీల పట్టికలో, అదే రోటాలో, ఖాళీ దొరకలేదు.

మొగుడు అమరేందర్ ఒక గోడౌన్‌లో డబ్బాలు సర్దుతాడు. కూతురు సిరికి తొమ్మిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే వస్తుంది. రోజూ సాయంత్రం అన్నాలకు ముందు పది నిమిషాలు సిరిని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించడం సింధుజ పెట్టుకున్న నియమం. ఒళ్ళు ఎంత హూనమైనా అది మాత్రం మానలేదు. టీచరుగా ఆమెకు మిగిలింది ఆ పది నిమిషాలే.

న్యూ మాల్డెన్‌లో కొరియా వాళ్ళు ఎక్కువ. కొట్ల మీద సగం బోర్డులు వాళ్ళ లిపిలోనే ఉంటాయి. సింధుజ వెళ్ళే ఇళ్ళలో ఒకటి రియూ గారిది. ఎనభై నాలుగేళ్ళ పెద్దమనిషి. సియోల్‌లో ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురి కోసం ఈ దేశం వచ్చాడు. ఆ కూతురు న్యూకాసిల్‌లో డాక్టరు, నెలకోసారి వచ్చి ఫ్రిజ్ నింపి పోతుంది. ఆయన మోకాళ్ళు రెండూ ఆపరేషనై వంగవు. మనసు మాత్రం కత్తిలా ఉంది.

మొదటిరోజు ఆయన పాదాలు తుడుస్తూ, గోడకున్న పాత పటం వైపు ఆమె రెండుసార్లు చూసింది. ఆయన గమనించాడు.

"మీ దేశంలో ఏం చేసేవారు?" అని అడిగాడు. ఇద్దరికీ సొంతం కాని ఇంగ్లీషులోనే వాళ్ళ మాటలన్నీ.

"చరిత్ర చెప్పేదాన్ని సార్. హైస్కూల్లో."

ఆయన కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, రెండు చేతులూ తొడల మీద ఆనించి, తల వంచాడు. "టీచర్," అన్నాడు. తర్వాత ఆమెను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. ఈ దేశానికి వచ్చాక సింధుజను అలా పిలిచింది ఆయనొక్కడే. ఆ ఇంటి మెట్లెక్కేటప్పుడు ఆమె నడకలోనే తేడా వచ్చేది.

"మీ పాఠాల్లో మా దేశం గురించి ఏం చెప్పేవారు?" అని ఒకరోజు అడిగాడు.

"ఏమీ లేదు సార్," అంది నిజాయితీగా.

"మేమూ మీ గురించి అంతే. రండి, సరిచేద్దాం."

అలా మొదలైంది. రోజుకు అరగంట, అందులో స్నానానికి, జావకు పోగా మిగిలిన పది నిమిషాలు. వేడినీళ్ళ తొట్టిలో పాదాలు పెట్టుకుని ఆయన దాదాపు నాలుగు వందల ఏళ్ళ నాటి కథ చెప్పేవాడు. ఉత్తరాన మంచూలనే తెగవాళ్ళు బలిసిన కాలమది. వాళ్ళ రాజు తానే చక్రవర్తినని ప్రకటించుకుని, కొరియా రాజును ఒప్పుకోమన్నాడు. కొరియా రాజు ఒప్పుకోలేదు. అప్పటికే చైనాలో మింగ్ వంశాన్ని పెద్దదిక్కుగా కొలుస్తున్నాడు, ఇద్దరు పెద్దదిక్కులు ఎలా కుదురుతారు? 1636 చలికాలంలో నదులు గడ్డకట్టగానే మంచూ గుర్రాలు ఆ మంచు మీదుగా దిగాయి. రాజు దీవిలోకి పారిపోదామనుకునేసరికి దారి మూసుకుపోయింది. రాజధాని పక్కన కొండమీద కోటలోకి ఎక్కాడు.

రియూ గారు తాగేసిన జావగిన్నెను ట్రే మీద బోర్లించాడు. "ఇది కొండ." పొద్దుటి మాత్రలు డబ్బాలోంచి తీసి గిన్నె చుట్టూ పేర్చాడు. "ఇది శత్రుసైన్యం."

"తొందరగా ఓడించండి సార్, అవి మీరు మింగాలి. ఎనిమిదింటికి నాకు ఇంకో ఇల్లుంది," అంది సింధుజ.

"ఓడించలేదు టీచర్. అదే కథ."

నలభై ఏడు రోజులు. కోటలో తిండి అడుగంటింది. కాపలా సిపాయిలకు చేతులు కొంకర్లు పోయాయి. లోపల మంత్రులు మాత్రం రెండు జట్లయి వాదించుకున్నారు. చద్దాం గానీ తలవంచొద్దని ఒక జట్టు, ముందు బతుకుదామని ఇంకో జట్టు. ఇంతలో దీవి కూడా పడిపోయిందని, అక్కడ దాచిన రాజకుటుంబం శత్రువు చేతికి చిక్కిందని కబురొచ్చింది. రాజు దిగొచ్చాడు. రాజవస్త్రాలు తీసేసి నీలం బట్టలు కట్టుకున్నాడు. నేరం చేసినవాడు పెద్ద ద్వారం గుండా రాకూడదన్నారు, పడమటి ద్వారంలోంచి బయటికొచ్చాడు. శత్రువు ముందు మూడుసార్లు మోకరిల్లి, మోకరిల్లిన ప్రతిసారీ మూడుసార్లు నుదురు నేలకు ఆనించాడు.

"నుదుటి నుంచి నెత్తురొచ్చిందా సార్?"

"వచ్చిందని జనం చెప్పుకుంటారు. రాతల్లో లేదు. రాతల్లో లేనిది టీచరు చెప్పకూడదు," అన్నాడు ముసలాయన, కాస్త కోపంగానే. సింధుజకు ఆ కోపం ఎంతో నచ్చింది.

ఆ తర్వాత రాజు కొడుకుల్ని పూచీగా పట్టుకుపోయారు. ఏటా పంపాల్సిన వస్తువుల జాబితా ఒకటి రాయించారు. బంగారం, బియ్యం, కాగితం, చిరుతపులి తోళ్ళు. రెండున్నర శతాబ్దాలకు పైగా కొరియా మంచూలకు సామంత రాజ్యంగా ఉంది.

"మా భాషలో దీన్ని కప్పం అంటాం," అంది సింధుజ.

"కప్పమ్," అని ఆయన నోట్లో వేసుకుని చూశాడు. "బరువుగా ఉంది. మంచి మాట."

బస్సులో కూర్చున్నాక సింధుజకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. చిరుతపులి తోళ్ళు లేవు గానీ, సకినాలున్నాయి.

సింధుజ పనిచేసే కేర్ కంపెనీ స్టాన్‌మోర్‌లో ఉండే కృష్ణమూర్తి అంకుల్‌ది. ఆయన స్పాన్సర్ చేస్తేనే సింధుజలాంటి నలభై మందికి వీసా. మనిషి ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. "మనమంతా ఒక కుటుంబం అమ్మా," అంటాడు. ఆ కుటుంబంలో పద్ధతులు కొన్నున్నాయి. ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళు సూట్‌కేసు విప్పగానే మొదటి వాటా స్టాన్‌మోర్‌కు పట్టుకెళ్ళాలి. కరీంనగర్ వాళ్ళయితే సకినాలు, గుంటూరు వాళ్ళయితే గోంగూర పచ్చడి, హైదరాబాద్ వాళ్ళయితే బిస్కెట్లు. ఎవరూ అడగరు. తేనివాళ్ళ రోటా మాత్రం వచ్చే వారం నుంచి చెదిరిపోతుంది, పొద్దున ఇక్కడొక ఇల్లు, సాయంత్రం అక్కడొక ఇల్లు. వ్రతాలకు, పుట్టినరోజులకు, అంకుల్ స్నేహితుల విందులకు ఆడవాళ్ళు వంతులవారీగా వెళ్ళి వండాలి. వండేవాళ్ళు ఇంటి ముందు నుంచి కాదు, పక్క గేటులోంచి వంటింట్లోకి రావాలి, హాల్లో కార్పెట్ పాడవుతుందని అంకుల్ భార్య రాజేశ్వరమ్మ ఆంటీ బాధ. అందరి పాస్‌పోర్టులూ అంకుల్ బీరువాలో ఉంటాయి. "పోగొట్టుకుంటారమ్మా మీరు, చిన్నపిల్లలు," అని మొదటిరోజే తీసుకున్నాడు.

సింధుజ రెండేళ్ళుగా ఆ పక్క గేటులోంచే వెళ్తోంది. అదేదో పెద్ద అవమానమని అంతకుముందు అనుకోలేదు. పెద్దవాళ్ళిల్లు, మనవాళ్ళు, అనుకుంది. పడమటి ద్వారం గురించి విన్నాక ఆ గేటు గొళ్ళెం తీయబోతే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, తీసింది.

ఆ కంపెనీలోనే ప్రణీత అని ఒక పిల్ల ఉంది. నిజామాబాద్ దగ్గర పల్లె, ఇరవై ఏడేళ్ళు, చదువంతా తెలుగు మీడియం. వాళ్ళ నాన్నకు గుండె ఆపరేషనంటే ఊరికి పోవాలని పాస్‌పోర్టు అడిగింది. "ఈ నెల రోటా అయిపోనీ తల్లీ," అన్నాడు అంకుల్. రోటా అయిపోయేలోపు నాన్న అయిపోయాడు. ప్రణీత ఒక ఆదివారం మధ్యాహ్నం సింధుజ ఫ్లాట్‌కు వచ్చింది. చేతిలో నాలుగు కాగితాలున్నాయి.

"అక్కా, పైన ఇన్‌స్పెక్షన్ వాళ్ళకు కంప్లయింటు రాసిన. పాస్‌పోర్టుల సంగతి, ఆదివారాలు వంట సంగతి, అన్ని రాసిన. నా ఇంగ్లీషు నాకే అర్థమైతలేదు. జర దిద్దియ్యవా? నీ పేరెక్కడ రాయను, ఒట్టు."

సింధుజ కాగితాలు తీసుకుంది. మొదటి పేజీలోనే పదిహేను తప్పులు కనబడ్డాయి. చెయ్యి పెన్ను కోసం వెతికింది కూడా. అప్పుడు అమరేందర్ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలి గదిలో సిరి బడిలో నేర్చుకున్న పాటేదో పాడుకుంటోంది.

"ఈ వారం నాకు టైం లేదు ప్రణీతా," అంది సింధుజ.

ప్రణీత ఆమె మొహం చూసింది, గుమ్మంలో ఉన్న అమరేందర్‌ను చూసింది. "సరే అక్కా," అని కాగితాలు మడిచి జాకెట్ లోపల పెట్టుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ కంప్లయింటు అన్ని తప్పులతోనే పోస్టయింది.

అదే వారం రియూ గారు శాసనం కథ చెప్పాడు. మంచూలకు లొంగుబాటు ఒక్కటే సరిపోలేదట. తమ చక్రవర్తి ఎంత దయామయుడో పొగుడుతూ, రాజు మోకరిల్లిన చోటనే ఒక పెద్ద రాతిశాసనం నిలబెట్టమన్నారు. ఓడినవాళ్ళే రాయాలి, ఓడినవాళ్ళే చెక్కాలి.

"ఎవరు రాశారు సార్?"

"అదే కదా తంటా. రాజు నలుగురు పండితుల్ని పిలిచాడు. ఒకాయన జబ్బు చేసిందన్నాడు. ఒకాయన కావాలనే చెత్తగా రాశాడు, పనికిరాకుండా పోవాలని. ఇంకొకాయన రాసింది అవతలివాళ్ళకు నచ్చలేదు. నాలుగో ఆయన బాగా రాశాడు. అదే చెక్కారు."

"ఆ నాలుగో ఆయన ఏమయ్యాడు?"

రియూ గారు గోడ గడియారం వైపు చూపించాడు. అరగంట దాటిపోయింది. "ఇంకోరోజు," అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ వాళ్ళు ఇద్దరొచ్చారు. రోటాలు చూశారు, కొంతమందిని ప్రశ్నలడిగారు. కేరర్ల తరఫున ఎవరైనా వివరంగా రాసిస్తే చూస్తామన్నారు. ఆ తర్వాతి ఆదివారం అంకుల్ సింధుజను స్టాన్‌మోర్‌కు పిలిపించాడు. ఈసారి ముందు తలుపు తీశాడు, హాల్లో సోఫాలో కూర్చోబెట్టాడు. ఆంటీ స్వయంగా కాఫీ తెచ్చింది.

"చూడమ్మా సింధుజా, ఆ పిల్ల ఏదో బాధలో ఉండి రాసింది. నేనేం అనుకోను. కానీ కంపెనీ మూతపడితే నలభై కుటుంబాలు రోడ్డున పడతాయి. మన పద్ధతులు ఈ తెల్లోళ్ళకేం తెలుస్తాయి చెప్పు? ఎవరో ఒకరు వివరించాలి కదా. మన కంపెనీలోనే చేసే ఫయాజ్‌ను రాయమన్నాను. ఇదిగో, చూడు ఏం రాశాడో, ఎలిమెంటరీ స్కూలు పిల్లాడు నయం."

సింధుజ చూసింది. నిజంగానే ఘోరంగా ఉంది. వాక్యానికి తలా తోకా లేదు. మొదట ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, ఫయాజ్ ఇక్కడే ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. తన వీసా కాగితాలన్నీ తనే రాసుకున్నవాడు. కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"నువ్వు టీచరువమ్మా. నువ్వు రాస్తే ఆ లెక్కే వేరు," అన్నాడు అంకుల్. రెండేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. "సిరి బడి బాగా సాగుతోందిగా?" అని కూడా అడిగాడు, ఎంతో ప్రేమగా.

ఇంటికొచ్చి చెబితే అమరేందర్ తేల్చేశాడు. "రాసియ్యి. కాగితమే గద. మనం పోతే ఆయనకు ఇంకో నలుగురు దొరుకుతరు. ఆయన పోతే మన వీసా గుడ పోతది, ఇంకో స్పాన్సర్‌ను ఎతుక్కునేటందుకు అరవై దినాలు, అంతే. సిరిని తీస్కొని యాడికి పోదాం?"

"ప్రణీత చెప్పింది అబద్ధమా?"

"అబద్ధమని నేనంటలేను. నిజం చెప్పి ఏం జేద్దామని అడుగుతున్న."

సింధుజకు ఒక ఉపాయం తట్టింది. దారి ఫయాజ్ చూపించనే చూపించాడు. వారం మధ్యలో సెలవురోజు పొద్దున, సిరి బడికి, అమరేందర్ పనికి పోయాక, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. చెత్తగా రాద్దామనుకుంది. ఒక పేజీ రాసి పడేస్తే, అంకుల్ మొహం చిట్లించి ఇంకొకర్ని చూసుకుంటాడు, తను అడిగిన పని చేసినట్టూ ఉంటుంది.

రాసింది. కావాలనే నాలుగు వాక్యాలు గజిబిజిగా రాసింది. తర్వాత చదువుకుంది. మొదటి వాక్యం కళ్ళలో ఇసుక పడ్డట్టుంది. ఇదొక్కటీ సరిచేద్దాం, మిగతావి అలాగే ఉంటాయిగా అనుకుంది. అది సరిచేశాక రెండోది దాని పక్కన మరీ వికారంగా కనబడింది. దాన్నీ దిద్దింది. ఆ పైన పేరాలు వరసలో లేవనిపించింది. పదకొండేళ్ళ పాటు పిల్లలకు చెప్పిందే కదా, ముందు విషయం, తర్వాత ఉదాహరణ, చివర సారాంశం. పన్నెండయ్యేసరికి గజిబిజి అంతా పోయింది.

పోనీ, బాగా రాసినా అబద్ధాలు తక్కువ రాద్దామనుకుంది. అక్కడ ఇంకా పెద్ద గోతిలో పడింది. వంటల గురించి ఏం రాయాలి? మా సంస్కృతిలో పెద్దల ఇంట్లో శుభకార్యమంటే అది అందరి ఇంటి శుభకార్యమే, పిలవకపోతే నొచ్చుకుంటాం గానీ పిలిస్తే నొచ్చుకోం అని రాసింది. సకినాల గురించి, ఊరి నుంచి వచ్చినప్పుడు పెద్దల చేతిలో పెట్టనిదే మాకు ముద్ద దిగదని రాసింది. పాస్‌పోర్టుల గురించి, విలువైనవన్నీ ఇంటి పెద్ద దగ్గర దాచడం మా అమ్మల కాలం నుంచి ఉన్న అలవాటు, మా కోరిక మీదే అవి అక్కడున్నాయి అని రాసింది. ఒక్కో వాక్యం విడిగా చూస్తే ఎవరింట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు నిజమే. అన్నీ కలిపితే పచ్చి అబద్ధం. దయ, బాధ్యత, కుటుంబం అనే మాటలు ఎక్కడెక్కడ పడాలో అక్కడే పడ్డాయి. చివర్లో, ఒక వ్యక్తి దుఃఖంలో ఉన్నప్పుడు తన వాళ్ళనే నిందించడం మానవ సహజం, ఆమె పట్ల మాకు సానుభూతి తప్ప కోపం లేదు అని ముగించింది.

దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ మూడు గంటలూ సింధుజ సంతోషంగా ఉంది. ఈ దేశానికి వచ్చాక మొదటిసారి తనకు బాగా వచ్చిన పని చేస్తోంది. పెన్ను ఎక్కడా ఆగలేదు. పేరు రాసి, కింద సంతకం పెట్టి, లేచి నిలబడ్డాక గానీ తను రాసిందేమిటో ఆమెకు కనబడలేదు. చించేద్దామని రెండు చేతులతో పట్టుకుంది. అంత శుభ్రమైన కాగితాన్ని చించడానికి మనసు రాలేదు.

ఉత్తరం చదివి అంకుల్ కళ్ళు తుడుచుకున్నాడు. నటించాడని కూడా చెప్పలేం, ఆయన ఆ ఉత్తరాన్ని నిజంగానే నమ్మాడు. తన గురించి తను ఎప్పుడూ అనుకునేదే అంత చక్కగా ఎవరూ రాసి పెట్టలేదు. లోపలికెళ్ళి బీరువా తెరిచి ఒక పాస్‌పోర్టు తెచ్చి సింధుజ చేతిలో పెట్టాడు. ఆమెదొక్కటే.

"నీది నువ్వే ఉంచుకో తల్లీ. నీ మీద నాకు నమ్మకం."

"థాంక్యూ అంకుల్," అంది సింధుజ. తన వస్తువు తనకిస్తే థాంక్యూ చెప్పింది. ఆ మాట అన్నాననే సంగతి ఆమెకు బస్టాపు దాకా తెలియలేదు.

ఇన్‌స్పెక్షన్ వాళ్ళు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి, వాక్యం వాక్యానికీ అర్థం మారిపోయే నాలుగు పేజీలు. ఇంకొకటి, చదువుతుంటే తల ఊపాలనిపించే రెండు పేజీలు. ఫైలు మూసేశారు. ప్రణీత పేరు రోటాలోంచి పోయింది, ఆ తర్వాత స్పాన్సర్‌షిప్ పోయింది. రెండు నెలలు ఇల్ఫర్డ్‌లో ఎవరో తెలిసినవాళ్ళ ఇంట్లో ఉండి అడగని కంపెనీ లేదు. కంప్లయింటు పెట్టిన మనిషని తెలిశాక ఎవరూ తీసుకోలేదు.

వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం ఆమె న్యూ మాల్డెన్ వచ్చి, సింధుజ రోజూ ఎక్కే బస్టాపులో కూర్చుంది. కొట్లాటకు వచ్చిందనుకుని సింధుజ దూరంగానే ఆగింది. ప్రణీత జరిగి పక్కన చోటిచ్చింది.

"నీ లెటర్ సదివిన అక్కా. నాకు గుడ చూపిచ్చిన్రు."

సింధుజ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"మస్తు మంచిగ రాసినవ్. నేనే నమ్మిన. సదువుతుంటే, నాకే అనిపించింది, నేను ఎందుకు కంప్లయింటు జేసిన అని." బస్సు వస్తోందేమోనని ప్రణీత రోడ్డు వైపు చూసింది. "ఊర్ల ఏమంటరో ఎరుకేనా? ఏం తప్పు జేసిందో ఏమో, పంపేసిన్రు అంటరు. అననీ. నాకు ఒక్కటే బాధ అక్కా. ఆ రోజు ఆ పెన్ను నా కాయితం మీద పెట్టుంటే నేను గెలుస్తుంటి."

బస్సు వచ్చింది. ప్రణీతే లేచి, "పో అక్కా, లేటయితది. ముసలోళ్ళు ఆకలితోని ఉంటరు," అంది.

ప్రణీత విమానమెక్కిన వారం తర్వాత కంపెనీ ఒక రంగుల కరపత్రం అచ్చేయించి క్లయింట్లందరికీ పంపింది. మధ్య పేజీలో సింధుజ ఉత్తరం, పక్కన ఆమె ఫోటో, పైన పెద్దక్షరాల్లో ఆమె పేరు. సింధుజకు ఎవరూ చెప్పలేదు. రియూ గారింట్లో ట్రే మీద, జావగిన్నె పక్కన అది మడత విప్పి ఉండగా చూసింది. ఆయన కళ్ళద్దాలు దాని మీద ఉన్నాయి.

ఏమీ తెలియనట్టు తొట్టిలో నీళ్ళు పోసి ఆయన పాదాలు అందులో పెట్టింది. రెండేళ్ళలో సింధుజ ఆయనకు అన్నీ చెప్పుకుంది. పక్క గేటు సంగతి, సకినాల సంగతి, బీరువా సంగతి ఆయనకు తెలుసు. కప్పం అనే మాట ఆయనకు నేర్పింది తనే.

"మూడుసార్లు చదివాను," అన్నాడు చివరికి. "ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు."

"చెడగొట్టి రాద్దామనే కూర్చున్నా సార్," అంది సింధుజ. "నిజంగా. రాలేదు."

"రాదు. టీచర్లకు రాదు." ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. అది ఉండుంటే బాగుండేదని ఆమెకనిపించింది. ఆయన కరపత్రాన్ని మడత పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. "మీరు ఒకటడిగారు. శాసనం రాసిన నాలుగో ఆయన ఏమయ్యాడని."

"ఇప్పుడొద్దు సార్."

"ఇది రాతల్లో ఉంది, కాబట్టి చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. దేశం బతకాలంటే ఎవరో ఒకరు రాయాలి, రాశాడు. తర్వాత పెద్ద పదవులు చేశాడు, మంచి పనులూ చేశాడు. అయినా జనం ఆ రాయి పేరెత్తే ఆయన్ని తిట్టారు. ఆ రాయిని మా వాళ్ళు సిగ్గుతో రెండుసార్లు పాతిపెట్టారు. రెండుసార్లూ బయటికొచ్చింది. ఇప్పుడు సియోల్‌లో చెరువు పక్కన నిలబడి ఉంది. నేను మా పిల్లల్ని ఏటా తీసుకెళ్ళి చూపించేవాణ్ణి." ఆయన ఆగి, మంచినీళ్ళు తాగాడు. "అది రాశాక ఆయన వాళ్ళ అన్నకు ఒక ఉత్తరం రాశాడు టీచర్. నాకు అక్షరాలు నేర్పినందుకు బాధగా ఉంది, అసలు చదువే నేర్చుకోకుండా ఉండాల్సింది అని."

సింధుజ ఆయన పాదాలు తువ్వాలుతో తుడిచింది. వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా తుడిచి, మేజోళ్ళు తొడిగింది. మాత్రలు ఇచ్చింది. ఆయన గిన్నె బోర్లించలేదు, మాత్రలు పేర్చలేదు, నీళ్ళతో మింగేశాడు. ఆమె ఫోన్‌లో యాప్ తెరిచి, వచ్చిన టైము, పోయే టైము, క్లయింటు క్షేమం అని నింపి, తర్వాతి ఇంటికి బయల్దేరింది.

సాయంత్రం ఎవరూ చెప్పకుండానే సిరి పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. పేజీ పైన నిన్నటి తేదీ కొట్టేసి ఇవాళ్టిది రాసుకుంది.

"అమ్మా, ఐయామ్ రెడీ. టుడే వాట్ ఆర్ వి రైటింగ్?"

సింధుజ స్టవ్ దగ్గర వెనక్కి తిరక్కుండానే నిలబడింది. "ఇవాళ వద్దు బిడ్డా."

"టుమారో?"

"రేపు కూడ వద్దు."

"యెస్!" అని సిరి కుర్చీలోంచి ఎగిరి దూకి, పుస్తకం అక్కడే పడేసి, టీవీ గదిలోకి పరుగెత్తింది.